ముందు సీటు

గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదితో సావుకారు వరహాలరావు తలమీది పేస్టును సత్యకుమారి నెమ్మదిగా నానబెడుతోంది. నానకుండా లాగితే వైరుతో పాటు వెంట్రుకలూ ఊడొస్తాయి. ఆయనకు ఉన్నవే కాసిని. నుదుటి మీదవి, చెవుల వెనకవి తీసేసి ట్రేలో పెట్టింది. నడినెత్తిన ఉన్నది మాత్రం గట్టిగా పట్టుకుంది. కిటికీ అవతల మంచు విడలేదు. ఆసుపత్రి వెనక సిల్వర్‌ఓక్ చెట్లు నడుము దాకానే కనిపిస్తున్నాయి.

"అయిపోనాదేటమ్మా?" అన్నాడు ఆయన, కళ్లు మూసుకునే.

"అయిపోతాది బాబూ. కదలకండి."

'అమ్మా' అన్న మాట ఆమె చెవికి కొత్తగా తగిలింది. ఈ మనిషి కొట్టు గడప ఆమె తొక్కి పదకొండేళ్లయింది. ఉప్పు కావాలన్నా, కిరసనాయిలు కావాలన్నా అరకు బజారు ఆ చివరికి నడిచేది. నిన్న సాయంత్రం కోడలు చెయ్యి పట్టుకుని నిద్ర పరీక్ష కోసం ఈ నిద్ర గదిలోకి వచ్చినప్పుడు ఆయన ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె కుర్చీ జరిపి, "కూకోండి" అంది. అంతే. తర్వాత అందరికీ చేసినట్టే తల దువ్వింది, కొలిచింది, పేస్టు రాసి వైర్లు అంటించింది, ఛాతీకి పట్టీ కట్టింది.

సత్యకుమారికి నలభై దాటాయి. పొట్టి మనిషి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, ముంజేతుల నిండా పచ్చబొట్లు. చీర మీద ఆసుపత్రి వాళ్లిచ్చిన నీలం కోటు వేసుకుంటే, ఆ పచ్చబొట్లు మణికట్టు దగ్గర మాత్రం బయటికి తొంగిచూస్తాయి. పుట్టింది హుకుంపేట అవతల కొండమీది ఊళ్లో. ఈ ఆసుపత్రిలో చేరింది నేల తుడవడానికి.

పోతురాజును చేసుకున్నప్పుడు ఆమెకు గర్వంగా ఉండేది. వాళ్ల కొండజనంలో బండి తోలేవాడు అప్పటికి అతనొక్కడే. అరకు నుంచి ఘాటీ దిగి శృంగవరపుకోట దాకా సర్వీసు జీపు. టాపు మీద పనసకాయలు, వెనక వేలాడే మనుషులు, ముందు సీట్లో సావుకార్లు. పోతురాజుది పెద్ద ఒళ్లు, పొట్టి మెడ, గట్టి గొంతు. పడుకున్నాడంటే పక్కింటివాళ్లకు కూడా గుర్రు వినిపించేది. గుర్రు ఆమెను భయపెట్టలేదు. అది ఆగిపోవడమే భయపెట్టేది. ఉన్నట్టుండి గుర్రూ, ఊపిరీ ఆగిపోయేవి. చీకట్లో ఆమె చెయ్యి అతని ఛాతీ మీదికి వెళ్లేది. కుదిపేది. పెద్దగా ఎగపీల్చుకుని మళ్లీ మొదలయ్యేవాడు. తెల్లారాక అతనికేమీ గుర్తుండేది కాదు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే తూగేవాడు.

పదకొండేళ్ల కిందట ఎండల్లో ఒక మధ్యాహ్నం, ఘాటీ మలుపులో జీపు కొండను రాసుకుంటూ వెళ్లి బోల్తా కొట్టింది. ఎవరూ చావలేదు. ముందు సీట్లో కూర్చున్న వరహాలరావు ఎడమ మోకాలు చితికి, మళ్లీ వంగలేదు. పోతురాజు దగ్గర కల్లు వాసన గుప్పుమందని ఆయన స్టేషన్లో చెప్పాడు. అందరూ నమ్మారు. పోతురాజుకు చిన్నప్పటి నుంచీ కల్లు వాసన పడదు, గుటక వేస్తే వాంతి. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? కొండమనిషి తాగడంటే బజారంతా నవ్వింది. లైసెన్సు పోయింది. జీపు వాళ్లెవరూ రానివ్వలేదు. రోడ్డు పనికెళ్తే రాళ్లగుట్ట మీదే నిద్రపోయేవాడు, కాఫీ తోటకెళ్తే బుట్ట పక్కన. పోతురాజు కాదు, నిద్రపోతు అన్నారు. పిల్లలు కూడా అదే పేరుతో పిలిచేవారు. అతను తనే తప్పు చేశాననుకునేవాడు, ఏం తప్పో తెలియక.

డాక్టర్ జయలక్ష్మి విశాఖపట్నం నుంచి ఈ ఆసుపత్రికి వచ్చాక, ఒకరోజు వరండాలో గోడకు చేరగిలి నిద్రపోతున్న పోతురాజు దగ్గర ఆగింది. చాలాసేపు చూసి, తడిగుడ్డతో నేల తుడుస్తున్న సత్యకుమారిని అడిగింది: "ఈయన గురక మధ్యలో ఆగుతుందా అమ్మా?"

సత్యకుమారి గుడ్డ వదిలేసి ఏడ్చింది. అన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

పరీక్ష చేశారు. జబ్బుకు పేరుంది. ముక్కుకు తొడుగు పెట్టి సన్నగా గాలి ఊదే మిషను ఒకటి డాక్టరమ్మ ఎక్కడెక్కడో అడిగి తెప్పించింది. ఆ మిషనుతో పడుకున్న మొదటి తెల్లవారుజామున పోతురాజు లేచి కూర్చుని గది నాలుగు మూలలా చూశాడు. "ఏటే సత్యా, ఆ కూసే పిట్టేటి?" అన్నాడు. రోజూ కూసే పిట్టే. అతను ఇన్నాళ్లూ వినలేదు. ఆ పూట చోడిపిండి అంబలి రెండు గిన్నెలు తాగి, ఇంటి వెనక దిబ్బంతా ఒక్కడే తవ్వేశాడు.

ఆమె అప్పటినుంచి డాక్టరమ్మ పక్కన నిలబడి వైర్లు అంటించడం నేర్చుకుంది. శుక్రవారం సంతకు జీపులొచ్చే చోటికి వెళ్లేది. డ్రైవర్లను అడిగితే వాళ్లు తిట్టేవారు. అందుకని వాళ్ల పెళ్లాలను అడిగేది. చింతపండు అమ్ముకుంటున్న వాళ్ల పక్కన చతికిలబడి, "నీ పెనిమిటి గుర్రు మద్దిలో ఆగుతాదేటి?" అనేది. ఆగుతుందన్న ఆడవాళ్లు మొగుళ్లను లాక్కొచ్చేవారు. అలా ఘాటీ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లు చాలామంది ఈ మంచం మీద పడుకుని లేచినవాళ్లే.

నడినెత్తిన వైరు ఊడింది. వరహాలరావు కళ్లు తెరిచాడు. అప్పుడే జయలక్ష్మి వచ్చి, కాగితం మీది గీతలు చూసి, ఆయనకెదురుగా స్టూలు లాక్కుంది.

"నిద్రలో మీ గొంతు మూసుకుపోతోందండీ. ఊపిరాగుతోంది, మెదడు లేపుతోంది, మళ్లీ ఆగుతోంది. అందుకే గల్లాపెట్టె దగ్గర తూగుతున్నారు. గాలి మిషను పెట్టుకోవాలి. అప్పటిదాకా బండి మాత్రం నడపకండి."

"ఈ కాలితో నానేటి నడుపుతానమ్మా" అన్నాడాయన.

ఎడమ కాలు కర్రలా ముందుకు చాచి ఉంది. "సత్యా, మధ్యాహ్నం సభకు ఆలస్యం చెయ్యకు, ముందు వరసలో కూర్చోవాలి నువ్వు" అని చెప్పి డాక్టరమ్మ వెళ్లిపోయింది.

వరహాలరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, గోడవైపు చూస్తూ అడిగాడు. "మీ ఆయనకీ ఇదేనంట కదా?"

"ఇదే బాబూ."

"అప్పట్నించీనా?"

"అప్పట్నించే. మాకు పేరు తెలీదు."

"మరి ఆ వాసన?"

సత్యకుమారి ట్రేలోని వైర్లను కడగడం ఆపలేదు. "ఎనక సీట్లో ముసల్ది కల్లు బుర్ర ఎట్టుకుంది బాబూ. బండి తిరగబడ్డప్పుడు పగిలిపోనాది. అందరి మీదా పడింది. మీ పంచె మీద కూడా పడే ఉంటాది."

ఆయన చేతికర్ర అందుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. కర్ర చప్పుడు వరండా పొడవునా వినిపించి ఆగిపోయింది.

*

మధ్యాహ్నం కొండవాలు మీది హోటల్ ఆవరణ కార్లతో నిండింది. నిద్ర జబ్బుల డాక్టర్ల సంఘం ఆ ఏడు సభలు అరకులో పెట్టుకుంది. పరిశోధనకు, వైద్యానికి ఏటా ఇచ్చే బహుమతులు అక్కడే ఇస్తారు. రోగి పక్కన కూర్చుని పనిచేసే టెక్నీషియనుకు కూడా ఒకటి ఇవ్వాలని ఆ ఏడే మొదటిసారి అనుకున్నారు. జయలక్ష్మి సత్యకుమారి పేరు పంపింది.

పోతురాజు ఆసుపత్రి జీపు కడిగి, తుడిచి, హోటల్ మెట్ల ముందు ఆపాడు. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాలతో తిరిగి తిరిగి లైసెన్సు మళ్లీ తెచ్చుకుని మూడేళ్లవుతోంది. ఆసుపత్రి జీపు అతనిదే. కానీ దారిలో ఎవరినైనా ఎక్కించుకుంటానంటే, సంతవాళ్లు తలలు తిప్పుకునేవారు. నడిచే వెళ్లేవారు.

"నువ్వూ రా మావా" అంది సత్యకుమారి.

"నాను బండి కాడుంటాను. నువ్వెల్లు బేగి."

"బండెవలూ ఎత్తుకుపోరు. రా."

అతను హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముందు వరసలో కుషను కుర్చీ అంచున ఆమె కూర్చుంది. ఇంగ్లీషులో చాలామంది మాట్లాడారు. తెరమీద ఘాటీ మలుపుల ఫొటోలు కనిపించాయి. జీపు పక్కన నిలబడ్డ డ్రైవర్ల ముఖాలు కనిపించినప్పుడు, ఆమె ప్రతి ఒక్కరినీ గుర్తుపట్టింది. ఆ డ్రైవర్ల నిద్ర మీద చేసిన పనికి జయలక్ష్మికి పరిశోధన బహుమతి ఇచ్చారు. తర్వాత మైకులో సత్యకుమారి పేరు వినిపించింది. ఇంటిపేరుతో సహా. ఆ ఇంటిపేరు అంత పెద్దగా ఎవరూ పిలవగా ఆమె ఎన్నడూ వినలేదు.

శాలువా కప్పారు. బరువైన ఇత్తడి జ్ఞాపిక చేతిలో పెట్టారు. రెండు మాటలు చెప్పమన్నారు. డాక్టరమ్మ వచ్చి మైకు కిందికి వంచింది.

"మా ఇంటాయన తొంగుంటే ఊపిరాగిపోయీది. నాను లేపీదాన్ని. ఇప్పుడూ అదే పని సేత్తన్నాను. ఇప్పుడు జీతం ఇత్తన్నారు."

హాలంతా నవ్వింది. తెలుగు రానివాళ్లు పక్కవాళ్లను అడిగి ఆలస్యంగా నవ్వారు. ఆమె నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా చూసి, వెనక గోడవైపు తిరిగింది.

"ఆయన తాగి బండి తోల్లేదు. ఎప్పుడూ తాగలేదు. నిద్ర జబ్బు. పదకొండేళ్ల నించి ఈ మాట సెప్పాలని ఉంది. సెప్పీసినాను."

ముందెవరు లేచారో తెలియదు. ఒక వరస, వెనక మరో వరస, హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. డాక్టర్లు వెనక్కి తిరిగి ఆ మనిషి కోసం వెతికారు. గోడకు ఆనుకున్న పెద్ద ఒంటి మనిషి అరచేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు. జయలక్ష్మి వేదిక దిగి, వెనకదాకా నడిచి వెళ్లి, అతని రెండు చేతులూ పట్టుకుంది.

*

మందుల పెట్టెలు తేవడానికి సాయంత్రం జీపు శృంగవరపుకోట వెళ్లాలి. సత్యకుమారి కూడా వస్తానంది. జ్ఞాపిక ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. సంత విడుస్తున్న వేళ. కోళ్లు, అల్లం బస్తాలు, ఖాళీ కావిళ్లు రోడ్డు నిండా. జీపు నడకతో సమానంగా పోతోంది.

వరహాలరావు కొట్టు ముందు ఒక చేతికర్ర రోడ్డుకు అడ్డంగా లేచింది. పోతురాజు బ్రేకు తొక్కాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచీ. ఆయన ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. కొట్టులో బేరాలు ఆగిపోయాయి.

"కోటకేనేటి పోతురాజూ?"

"అవును బాబూ."

"మా అమ్మాయింటికెల్లాలి. దించుతావా?"

పోతురాజు స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. "బస్సుంది కదా బాబూ, ఇంకో గడియలో."

"బస్సెందుకు? నువ్వున్నావు కదా" అన్నాడు వరహాలరావు. బజారుకు వినపడేంత పెద్దగానే అన్నాడు.

సత్యకుమారి దిగి వెనక సీట్లోకి మారింది. వంగని కాలితో ఆయన రెండుసార్లు ప్రయత్నించి ఎక్కలేకపోయాడు. పోతురాజు ఇటువైపు వచ్చాడు. ఒక్క క్షణం ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. తర్వాత చంకల కింద చేతులు వేసి, బియ్యం బస్తాను ఎత్తినంత సుళువుగా ఎత్తి, ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఎడమ కాలిని జాగ్రత్తగా లోపలికి సర్దాడు. బజారంతా చూసింది.

జీపు కదలబోతుంటే, పసుపు కొమ్ములమ్ముకున్న ఒకామె గంప ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. "మా ఊరు మలుపుకాడ దింపీ అన్నా!" ఆమె వెనక మరో ఇద్దరు. వాళ్ల వెనక కోడిపుంజుతో ఒక ముసలాయన. సత్యకుమారి ఒదిగి ఒదిగి కిటికీకి అతుక్కుపోయింది. టాపు మీద గంపలు దబదబా పడ్డాయి. ఎవరో వెనక నిలబడి జీపు వీపు మీద అరచేత్తో చరిచి, "రైట్!" అని అరిచారు. పదకొండేళ్ల కిందటి అరుపే. అద్దంలో పోతురాజు ముఖం ఆమెకు కనిపించింది. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

ఘాటీలో ఎండ పసుపుగా వాలింది. ఆ మలుపు వస్తుంటే జీపులో మాటలు సన్నగిల్లాయి. అందరికీ తెలుసు అదేనని. పోతురాజు గేరు మార్చాడు. హారన్ కొట్టాడు. అప్పుడే ముందు సీట్లోంచి గుర్రు వినిపించింది. వరహాలరావు తల ఛాతీ మీదికి వాలిపోయింది. గుర్రు ఒక్కసారిగా ఆగిపోయింది.

సత్యకుమారి వెనక నుంచి ముందుకు వంగింది. ఆయన గడ్డం కింద అరచెయ్యి పెట్టి తల పైకెత్తి పట్టుకుంది. ఊపిరి బుస్సుమని మళ్లీ మొదలైంది. పోతురాజు కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, విప్పారి, తేటగా. జీపు మలుపు తిరిగింది. కింద మైదానం, చెరువులు, కోట వైపు దీపాలు ఒక్కసారిగా బయటపడ్డాయి.

"దాటీసినామా?" అన్నాడు వరహాలరావు మేలుకుని.

"ఎప్పుడో దాటీసినాం బాబూ" అన్నాడు పోతురాజు.

*

ఆ తర్వాత రెండేళ్లు పోతురాజు జీపు తోలాడు. ఎక్కనన్నవాళ్లు లేరు. వరహాలరావు కోట వెళ్లాల్సివస్తే ఆసుపత్రి జీపు వెళ్లే రోజు కనుక్కుని మరీ బయల్దేరేవాడు. ఆయన ఎక్కడానికి కష్టపడుతున్నాడని పోతురాజు పనస చెక్కతో ఒక పొట్టి పీట చేశాడు. ఆయన వస్తే దాన్ని ముందు తలుపు కింద వేసేవాడు.

ఒక మధ్యాహ్నం పోతురాజు అంబలి తాగి, పెరట్లో నులకమంచం మీద వాలాడు, మళ్లీ లేవలేదు. గుండెపోటు వచ్చిందన్నారు. సత్యకుమారి ఆ వేళ నిద్ర గదిలో సాలూరు, గుమ్మలక్ష్మీపురం నుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలకు వైర్లు అంటించడం నేర్పుతోంది. కబురు విని పరుగెత్తుకొచ్చి, అలవాటుగా అతని ఛాతీ మీద చెయ్యి వేసింది. ముఖం మాత్రం హాయిగా నిద్రపోయినవాడిదిలాగే ఉంది.

సాగనంపడానికి ఘాటీ జీపులన్నీ వచ్చాయి. వరహాలరావు పాడె వెంట కుంటుతూ నడిచాడు.

అందరూ వెళ్లిపోయాక ఆసుపత్రి షెడ్డులో జీపు పక్కన ఆ పనస పీట అలాగే ఉంది, పాదం ఆనే చోట నున్నగా అరిగి, మిగతా అంతా ఇంకా కొత్త చెక్కలా పచ్చగా.