ఎర్ర నూనె

పోచంపాడ్ డ్యాం గేట్లన్నీ ఒక్కసారే ఎత్తిన పెద్ద వరద తర్వాత వచ్చిన ఎండాకాలం అది. అప్పటికే నా ఎడమకాలు లేదు. పసుపు ఉడకబెట్టే కడాయి ఒరిగి కాలు కాలింది. పుండు మానలేదు. నిజామాబాద్ దవాఖానలో మోకాలి కిందికి తీసేశారు.

కాలు పోయినందుకు నేను అంతగా ఏడవలేదు. ఆ తర్వాత పోయినదానికి ఏడ్చాను. పసుపు అమ్మే కాలం వస్తే నన్ను ఇద్దరు మనుషులు చంకల్లో చేతులు వేసి ట్రాక్టర్ ట్రాలీలోకి ఎక్కించేవారు. మార్కెట్ యార్డులో నా పసుపు కుప్ప దగ్గర నా తమ్ముడు లక్ష్మీరాజం నిలబడేవాడు. నేను ట్రాలీలో కూర్చుని ఉండేవాణ్ని. కొనేవాళ్లు కుప్పలో చేయి పెట్టి, కొమ్ము విరిచి, ధర తమ్ముడితో మాట్లాడేవారు. "అన్న పాణం ఎట్లుంది?" అని కూడా అతన్నే అడిగేవారు. నేను అక్కడే ఉన్నాను కదా. నా కుప్ప దగ్గరికి నా అంతట నేను పోవాలి, అక్కడ నేను నిలబడాలి. నాకు కావలసింది అంతే.

డిచ్‌పల్లిలో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేది. తన దేశానికి వెళ్లిపోతూ, తన పాత కారును డ్రైవర్ మత్తయికి ఇచ్చి, అమ్ముకొమ్మని చెప్పి పోయింది. దాన్ని కొనేవాళ్లు దొరకలేదు. అది మనం చూసే కార్ల లాంటిది కాదు. క్లచ్ ఉండదు. గేర్లు దానంతట అదే వేసుకుంటుంది. చెడిపోతే బాగుచేసేవాడు ఎక్కడున్నాడని అందరూ వెనక్కి తగ్గారు. అందుకే నాకు ఒక జత ఎడ్ల ధరకు వచ్చింది.

మత్తయి దాన్ని మా వాకిట్లోకి తెచ్చి తలుపు తీశాడు.

"సూడు పటేలా. తొక్కేటియి రెండే. ఒకటి పోతందుకు, ఒకటి ఆగెతందుకు. ఎడమకాలుతోటి దీనికి పనే లేదు."

"మరి గేర్లు ఎవరేస్తరు? మా వదినె వెనుక కూసోని ఏస్తదా?" అన్నాడు తమ్ముడు.

నా భార్య నీలవ్వ చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఇన్నేండ్ల సంది మీ అన్న నోట్లకెల్లి ఒక మాట తీపియ్యలేకపోయిన. గేర్లనేం తిప్పుత మరిదీ."

మత్తయి నవ్వి, ముందు మూత ఎత్తి, లోపలి నుంచి సన్నని ఇనుప పుల్ల బయటికి గుంజాడు. దాని కొసకు నూనె అంటి ఉంది. కుంకుమ కలిపిన నీళ్లలా ఎర్రగా, పలచగా ఉంది.

"ఇది గేర్ల నూనె పటేలా. గిట్ల ఎర్రగనే ఉంటది. గీడి మిస్త్రీలతోటి ముట్టియ్యకు. తక్కువైతే నాకు కబురు చెయ్యి, నేనే వచ్చి పోస్త."

తమ్ముడు నూనెను చూడలేదు. మత్తయి ముఖం చూశాడు.

మత్తయి రోజూ బస్సులో వచ్చి నాకు నడపడం నేర్పాడు. ట్రాక్టర్ నడిపినవాణ్నే కాబట్టి తొందరగానే వచ్చింది. తర్వాత నేనొక్కణ్నే పోసాగాను. కాలువ పక్కన చేనుకు పోయేవాణ్ని. పాత బస్టాండ్ దగ్గర హోటల్ ముందు ఆపి, కారులోనే కూర్చుని చాయ్ తాగేవాణ్ని. వేల్పూర్‌లో పెళ్లికి నీలవ్వను పక్కన కూర్చోబెట్టుకుని పోయాను. ఆమె దారి పొడుగునా తలుపు పట్టుకునే ఉంది.

"ముత్తెన్న కాకా, ఒక్క కాలుతోనే గింత ఉరుకుడా? రెండుంటే మాకు దొరుకుదువా?" అనేవారు హోటల్‌లో పిల్లలు. నాకు కోపం రాలేదు. వాళ్లు నాతో మాట్లాడుతున్నారు. తమ్ముడితో కాదు.

"గీసారి కుప్ప కాడికి నేనే వస్త," అన్నాను ఒకరోజు తమ్ముడితో.

"రా. ఎవరొద్దన్నరు?" అన్నాడు. కంచంలో అన్నం మిగిలి ఉండగానే లేచిపోయాడు.

మా తమ్ముడికి యార్డులో పేరుంది. చిన్న రైతుల దగ్గర పసుపు కొని అమ్మేవాడు. పసుపుకు రంగు పూసి తెచ్చేవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు. లక్ష్మీరాజం కొమ్మును తడి అరచేతిలో రుద్ది, రంగు దిగితే అక్కడికక్కడే బస్తా బోర్లించేవాడు. పైపైన చూసుకొమ్మని, అడుగున చేయి పెట్టవద్దని ఎవడైనా అన్నాడంటే మోచేతి దాకా అడుగునే పెట్టేవాడు. ఎక్కువసార్లు అతని అనుమానమే నిజమయ్యేది.

పసుపు పాలిషింగ్ అయిపోయే రోజుల్లో నా తెగిన కాలు వాచింది. చంకకర్రలు పట్టుకుని లేవలేక మంచం మీద పడ్డాను. "నువ్వు పండు. కుప్ప పడకముందే బండి సర్వీసింగ్ చేపిచ్చుకొస్త," అని తమ్ముడు ట్రాక్టర్ మిస్త్రీని పిలిపించి కారు తీసుకుపోయాడు. చీకటి పడే వేళకు తిరిగి వచ్చాడు. అన్నానికి కూర్చున్నాక చెప్పాడు.

"అన్నా, దొంగ దొరికిండు."

"ఎవడు?"

"మత్తయిగాడు. పుల్ల గుంజి అరచేతుల రాసి సూసిన. రంగు దిగింది. నూనెకు ఎర్రరంగుంటదానె? ట్రాక్టర్‌ల సూస్తిమి, లారీల సూస్తిమి, యాడనన్న ఉన్నదా? ఏదో పల్చటి మాల్ పోసి రంగు కలిపిండు. ముట్టియ్యకు అన్నడు సూడు, గప్పుడే అనుకున్న."

"ఏం చేసినవ్?"

"చుక్క లేకుండ దింపిచ్చిన. ట్రాక్టర్‌కు పోసేది, చిక్కటి నూనె, కొత్త డబ్బ తీసి పోపిచ్చిన. ఇగ పదేండ్లు సూడనక్కర లేదు."

"మత్తయిని అడగకపోయినవా?"

"అడగక? మోటర్‌సైకిల్ మీద డిచ్‌పల్లి పోయిన. చౌరస్తాల దొరికిండు. మల్ల గదే పాట, గట్లనే ఉంటది పటేలా, గట్లనే ఉంటది. అందరి ముంగట చెంపకు ఒక్కటిచ్చిన. అదే ఎర్రచెయ్యితోటి."

"ఎందుకు కొట్టినవ్ రా?"

"నీ కోసమే గదనే," అన్నాడు తమ్ముడు. నీలవ్వ అతనికి మరికొంచెం అన్నం వడ్డించింది. నేను చేయి కడుక్కున్నాను.

వాపు తగ్గి నేను లేచేసరికి మా పసుపు యార్డుకు చేరి, కుప్ప పోసి ఉంది. మరునాడు వేలం పాట. కుప్పను చూసి వద్దామని సాయంత్రం కారు తీశాను. అది వెంటనే కదల్లేదు. తర్వాత ఒక్కసారి ముందుకు దూకింది. దూడ పోయిన బర్రెలా మూలుగుతూ పోయింది. యార్డు గేటు కనిపించే చోట ఆగిపోయింది. ఇంజన్ అరుస్తోంది, చక్రాలు తిరగడం లేదు. కింది నుంచి కాలిన వాసన వచ్చింది.

మనుషులు మూగారు. వాళ్లలో నడిపయ్య ఉన్నాడు. దుబాయ్‌లో కార్లు నడిపి ఆ మధ్యే తిరిగి వచ్చాడు. వంగి పుల్ల గుంజి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"కాకా, ఇందుల ఏం పోసిండ్రు?"

"ట్రాక్టర్ నూనె."

"ఎర్రది ఏమైంది?"

"రంగు కలిసిందని తీసేసిండ్రు."

నడిపయ్య నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నాడు. "కంపెనీయే రంగేస్తది కాకా. వేరే నూనెల కలవకుండ గుర్తుకోసం. దుబాయ్‌ల అన్ని కార్లల్ల ఎర్రదే. లోపట పట్టీలన్ని కాలిపోయినట్టున్నయ్. గీ సామాను మనకాడ దొరకది."

అప్పటికి తమ్ముడు యార్డులోంచి వచ్చాడు. నడిపయ్య చెప్పింది అంతా విన్నాడు. గుంపులో ఎవడో, "లక్ష్మీరాజన్నా, రంగు మంచిగ పట్టినవ్ పో," అన్నాడు. అందరూ నవ్వారు.

"అయితే గా సంగతి మత్తయిగాడు ముందుగాల చెప్పాలె గదా?" అన్నాడు తమ్ముడు.

"చెప్పిండు," అన్నాను.

"నమ్మేటట్టు చెప్పాలె."

కారును తోసి రోడ్డు పక్కన పెట్టారు. తమ్ముడు నా చంకకర్రలు తీసి ఇస్తూ, "రేపు ట్రాక్టర్‌ల వద్దువు తియ్యి, ఎప్పటి లెక్కనే. గిందుల ఫికర్ చేసేదేముంది," అన్నాడు. అతని గొంతులో బాధ లేదు. ఆ రాత్రి పండుకునే ముందు నీలవ్వతో మాత్రం అన్నాను, వాడు కావాలని చేయలేదని. "కావాలని చేస్తే మంచిగుండు. ఒక్కసారి తిడితె అయిపోవు," అందామె.

మరునాడు పొద్దున తమ్ముడు ట్రాక్టర్ వాకిట్లో నిలిపి, ఇద్దరు కూలీలను తెచ్చాడు, నన్ను ఎక్కించడానికి. నేను వాళ్ల పక్కనుంచే రోడ్డు మీదికి నడిచాను.

"అన్నా, యాడికే? పాట మొదలైతది!"

"నువ్వే నిలబడు," అన్నాను.

కామారెడ్డి బస్సు ఎక్కడానికి కండక్టర్ చేయి పట్టి లాగాడు. డిచ్‌పల్లిలో దిగి, దారి అడుగుతూ మత్తయి ఇంటికి పోయాను. అతని భార్య ఆశమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి లేవలేదు.

"మత్తయి లేడా?"

"లారీ మీద క్లీనర్‌గ పోయిండు. డ్రైవర్‌గ ఎవరు పిలుస్తలేరు పటేలా. నూనెల రంగు కలిపెటోడు గదా."

"గా నూనె ఎర్రగనే ఉంటదట. మాదే తప్పు. గది చెప్పిపోదామని వచ్చిన."

"ఎర్రగుంటదని మాకెరుకే. మాకెందుకు చెప్తవ్?" ఆమె గిన్నె బోర్లించింది. "మీ తమ్మున్ని మా ఆయన మల్ల కొట్టలేడనుకున్నవా? కాలు లేని మనిషి బండి, పోనియ్యి అని ఊకున్నడు. చెప్పేదుంటె గా దినం సూసినోళ్లకు చెప్పు."

కూర్చొమ్మని అనలేదు. నేను వెనక్కి తిరిగి చౌరస్తాకు వచ్చాను. ఎండ ఎక్కింది. ఆ వేళకు యార్డులో నా కుప్ప మీద పాట నడుస్తూ ఉంటుంది. హోటల్ ముందు బల్ల మీద నలుగురైదుగురు చాయ్ తాగుతున్నారు. వాళ్ల ముందు నిలబడి, అందరికీ వినబడేలా అన్నాను.

"మత్తయి రంగు కలపలేదు. గా నూనె ఎర్రగనే ఉంటది."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏ మత్తయి తాతా? ఏం నూనె?" అన్నాడు ఒకడు.

చంకకర్రలు బల్లకు ఆనించి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.