హూఫా నాకిన పుస్తకం

పొద్దున్న లేవగానే గ్రోవా చేసే పనులు రెండే. పొయ్యిలో నిప్పు కదపడం, పుస్తకం చంకన పెట్టుకుని ఆవు దగ్గరికి దిగడం. ఆవుని కట్టేది ఇంటి కిందే. పైన చెక్కల మీద మనుషులు పడుకుంటే, కింద నుంచి దాని ఒంటి వేడి పైకొస్తుంది. ఐస్‌లాండ్ చలికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. వాసన సంగతంటారా, పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న వాళ్లకి అదేం వాసన!

ఆవు పేరు హూఫా. వసంతంలో దాని దూడ చచ్చిపోయింది. ఇక ఆ రోజు నుంచి చేపడం మానేసింది. పొదుగు బరువుతో కాళ్లు ఎడం చేసి నిలబడేది గానీ చుక్క దించేది కాదు. దూడ తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెడదామంటే ఆ తోలు అప్పటికే పిల్లల చెప్పులైపోయింది. ఏం తోచక గ్రోవా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకం తెచ్చి హూఫా మూతి ముందు తెరిచింది. అది మొగుడు ఇల్లుగి ముత్తాత రాయించిన పుస్తకం. పేజీలన్నీ దూడ తోలే. హూఫా వాసన చూసి, అంబా అని అరిచి, అప్పుడే పుట్టిన దూడని నాకినట్టు పేజీ అంతా నాకింది. వెంటనే చేపింది.

పొరుగున ఉండే హెర్దిస్ చూడొచ్చింది. "మా ఇంట్లోది గొర్రె తోలు పుస్తకం తల్లీ. దాన్ని చూస్తే మా ఆవు మొహం తిప్పేసుకుంటుంది. దేనికైనా రాసిపెట్టి ఉండాలి," అని నిట్టూర్చి పోయింది.

హూఫా నాకిన పేజీలో మాత్రం అక్షరం మిగిలేది కాదు. పొద్దున ఒక వైపు, సాయంత్రం రెండో వైపు, తెల్లగా అయిపోయేవి. ఇల్లుగి బతికున్నప్పుడు చలికాలం సాయంత్రాలు చేపనూనె దీపం దగ్గర కూర్చుని ఆ పుస్తకమే చదివేవాడు. డేనిష్ వర్తకుడికి అమ్మే మేజోళ్లు అల్లుతూ ఇంటిల్లిపాదీ వినేవాళ్లు. చిన్న కూతురు రూనా ఇంకా పాకుతుండగానే అతను పడవతో సహా సముద్రంలో పోయాడు. తెల్లబడ్డ పేజీని చూసినప్పుడల్లా, ఉన్న కాస్త మనిషీ పోతున్నాడని గ్రోవాకి గుండె తరుక్కుపోయేది. అయినా ఏం చేస్తుంది? పొద్దుటి పాలు పెద్దది ఓలోఫ్‌కి, సాయంత్రం పాలు రూనాకి పోసేది. తను నాచు గంజి తాగేది. ఎండాకాలం గడిచేసరికి పిల్లలకి బుగ్గలొచ్చాయి.

చివరి పేజీ నాకేశాక హూఫా వట్టిపోయింది.

సరిగ్గా అప్పుడే ఊరి పెద్ద నార్ఫి వచ్చాడు. చలికాలం గడవదనిపించిన ఇంటిని ఎత్తేసి, పిల్లల్ని తలో ఇంటికీ పంచడం ఆయన పని. మనిషి చెడ్డవాడు కాదు, పనే అలాంటిది. ఆ రోజు మాత్రం నవ్వుతూ వచ్చాడు. వెనకాల నల్లకోటు వేసుకున్న యువకుడొకడున్నాడు.

"గ్రోవా, నీ పంట పండింది! ఈయన తేతుర్. కోపెన్‌హాగన్‌లో ఎవరో పెద్ద పండితుడి మనిషి. ఐస్‌లాండ్ అంతా తిరిగి పాత తోలు పుస్తకాలు కొంటున్నాడు. నీ పుస్తకానికి చలికాలం సరిపడా పిండి ఇస్తాడట. పిండి ఉంటే పిల్లలు నీ దగ్గరే ఉంటారు. ఊఁ, తియ్యి!"

గ్రోవా పుస్తకం తెచ్చి ఆ యువకుడి చేతికిచ్చింది. తేతుర్ చేతులు కోటుకి తుడుచుకుని మరీ అందుకున్నాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. చివరిదాకా తిప్పాడు.

"ఏమైందమ్మా?"

"ఆవు నాకింది."

"మొత్తమా?"

"మొత్తం, బాబూ. నాకితేనే చేపేది."

"వచ్చే దారిలో ఒకింట్లో పేజీ కత్తిరించి చొక్కాకి కొలత చేసుకున్నారు," అన్నాడు తేతుర్ నీరసంగా. "ఇంకోచోట జోడు అడుగున వేసుకున్నారు. మీరు తాగేశారు. నయం, మీకు పాలైనా వచ్చాయి."

నార్ఫి నవ్వు ఎటు పోయిందో. "నేనేం చెయ్యను గ్రోవా? పిండీ లేదు, పాడీ లేదు. మంచు పడ్డాక వచ్చి ముగ్గుర్నీ పూడ్చమంటావా? పెద్దదాన్ని కొండ అవతలి ఇంట్లో పెడతాను. చిన్నదాన్ని సముద్రపు పాయ అవతలికి పంపుతాను. గుడ్డలు సర్దు."

"ఇద్దర్నీ ఒక్క ఇంట్లోనే ఉంచండి నార్ఫి గారూ. మీ కాళ్లు పట్టుకుంటాను."

"రెండు నోళ్లకి తిండి ఎవరు పెడతారమ్మా ఈ రోజుల్లో?"

గ్రోవా రెండు మూటలు కట్టింది. ముడి ఎంతకీ పడటం లేదు. ఆ కోపమంతా ఓలోఫ్ మీద చూపించింది. "నిలబడి చూస్తావేం మొద్దులా! చెల్లికి చెప్పులు తొడుగు!"

ఓలోఫ్ చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడవలేదు. గొంతెత్తి పుస్తకంలోని కథ మొదలుపెట్టింది. "ఆస్‌వోర్ అనే ఆవిడ ఉండేది. భర్త పోయాక పిల్లల్నీ గొడ్లనీ ఓడెక్కించుకుని పడమటి దిక్కుగా బయల్దేరింది. నేల కనిపించేసరికి మంచు కరుగుతోంది. అందరికంటే ముందు ఆవిడే దిగి..." అక్కడ ఆగిపోయింది.

"ఏటి నీళ్లు రుచి చూసింది," అని అందుకుంది రూనా. "చూసి, ఈ నీళ్లు తియ్యగా ఉన్నాయి, నా వాళ్లంతా ఇక్కడే ఉంటారు అంది." తిండి కూడా సరిగ్గా అడగడం రాని పిల్ల! పెద్ద పెద్ద మాటలు గడగడా చెప్పుకుపోయి, తనూ మాట మధ్యలోనే ఆగింది. ఓలోఫ్ అందుకుంది.

తేతుర్ మంచం మీద కూలబడి సిరా కోసం సంచీ అంతా వెతికాడు. "ఆగకు తల్లీ, ఆగకు. తర్వాత?"

"తర్వాతది చెల్లిది," అంది ఓలోఫ్. "నాకు పొద్దుటి పేజీలే వచ్చు."

నార్ఫి గడ్డం గోక్కున్నాడు. "పెద్దది నీకు చాలదా? చిన్నదాన్ని నేను తీసుకుపోతా."

"సగం పుస్తకం ఏం చేసుకోనండీ? ఒకళ్లు ఆపిన మాట ఇంకోళ్లు పూర్తి చేస్తున్నారు. విడదీస్తే ఇద్దరి దగ్గరా ముక్కలే మిగులుతాయి."

"రాయడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"చలికాలమంతా. పిండి ఇవాళే దింపిస్తాను."

నార్ఫి వంగి రెండు మూటల ముళ్లూ తనే విప్పి, గుడ్డలు మంచం మీద పెట్టాడు. "పిండి ఉన్న ఇంట్లో నాకేం పని," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నుంచే తేతుర్ రాయడం మొదలుపెట్టాడు. గ్రోవా మేజోడు అల్లుతూ కూర్చుంది. ఆ పాలు ఒక్క చుక్కైనా తాగలేదు కాబట్టి ఆమె దగ్గర ఏ పేజీ లేదు. పిల్లలు చెబుతుంటే పరాయిదానిలా వింటోంది. పొట్టేలుని తరుముతూ ఒక ఆసామి పెరుగు తొట్టిలో పడే చోటికి వచ్చేసరికి, రూనా ముక్కుతో కిసుక్కున నవ్వింది.

తేతుర్ కలం ఎత్తాడు. "ఏమ్మా?"

"ఇక్కడ నవ్వాలి," అంది రూనా, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

ఏ చలికాలం చదివినా ఇల్లుగి ఆ చోటే నవ్వేవాడు, అచ్చం అలాగే, ముక్కుతో. రూనాకి నాన్న మొహం కూడా గుర్తులేదు. గ్రోవా మేజోడు ఒళ్లో పడేసి భోరుమంది.

"ఆ ముక్క ఇంకోసారి చెప్పవే నా తల్లీ," అంది.