బియ్యం గదికి వేసిన ర్యాంపు

నేను ఒక ర్యాంపును. మెట్లెక్కలేని పిల్లలు చక్రాల కుర్చీలో తరగతిలోకి వెళ్ళాలని ప్రభుత్వంవారు మంజూరు చేసిన సిమెంటు వాలును. సముద్రపు గాలి తగిలే ఒక ఊరి ఉన్నత పాఠశాలలో ఉంటాను. నా మీదుగా వెళ్తే తరగతి గది రాదు, బియ్యం గది వస్తుంది. నవ్వుకోండి, నాకేం! ఎటు తిరిగి పడుకుంటావని నన్ను అడిగి పోశారా ఏమన్నా?

అసలు నేను పుట్టవలసింది ఎదురుగా ఉన్న ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర. ఆ గది ఒక దాతగారు కట్టించారు. దానికి అయిదు మెట్లు, మెట్టుకొక పాలరాతి పలక, పలకకొక పేరు. కింది మెట్టు దాతగారి ముత్తాత. అక్కడినుంచి తాత, నాయనమ్మ, తండ్రి వరసగా పైకి వెళ్ళి, గుమ్మం దగ్గర దాతగారు స్వయంగా ఉన్నారు. ఏటా ఒకరోజు ఆయన కారులో వచ్చి మెట్లన్నీ కడిగించి, దండలు వేసి, పిల్లలకు బిస్కెట్లు పంచి వెళ్తారు.

కంట్రాక్టరు టేపు పట్టుకుని వచ్చి, "సార్, ఈ మెట్ల మీదనే వాలుగా పోసేద్దామా?" అన్నాడు.

హెడ్మాస్టరు పూర్ణచంద్రరావుగారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. "అయ్యో అయ్యో! ముత్తాతగారిని సిమెంటు కింద పూడుస్తావటయ్యా? రేపు దాతగారొచ్చి మా పెద్దలేరీ అంటే ఏం చెప్పను?"

రోజూ బడి మొత్తం బురద కాళ్ళతో ఆ ముత్తాతగారిని తొక్కుకుంటూ వెళ్తుంది. నాయనమ్మగారి మీద ఎవడో చూయింగ్ గమ్ కూడా అంటించాడు. అదేదీ అవమానం కాదట, నేను పడుకుంటే మాత్రం మహాపరాధమట! మెట్లకు ఒక పక్క జెండా దిమ్మె, ఇంకో పక్క కుళాయి, నన్ను పోయడానికి చోటే లేదు. మార్చి నెలాఖరు ముంచుకొస్తోంది, నిధులు వెనక్కి పోతాయి. బియ్యం గదికి పేరు చెక్కించుకునే దాత ఎవరూ దొరకలేదు కాబట్టి అక్కడ ఖాళీ ఉంది. పోసేశారు.

రిబ్బను కత్తిరించారు, నీలం రంగు కడ్డీలు బిగించారు, నా నుదుటన చక్రాల కుర్చీ బొమ్మ వేశారు. నా మీద మొదట ఎక్కింది బియ్యం బస్తా. మధ్యాహ్న భోజనం వండే ఆదెమ్మ దాన్ని తోపుడు బండి మీద సులువుగా తోసుకెళ్ళి, వెనక్కి వచ్చి నన్ను తాకి కళ్ళకద్దుకుంది. "నా తల్లే, నా నడుం నిలబెట్టావు" అంది. ఆ తరువాత కోడిగుడ్ల అట్టలు, వాన వస్తే హెడ్మాస్టరుగారి స్కూటరు, ఆదివారాల్లో మేకలు. కాళ్ళు చక్కగా ఉన్నవాళ్ళందరికీ నేను ఎంతో ఉపయోగపడ్డాను.

జూన్‌లో జెమీమా వచ్చింది. పుట్టుకతోనే ఆ పిల్ల కాళ్ళు స్వాధీనంలో లేవు. చిన్నప్పుడు తల్లి దానమ్మ చంకనేసుకుని బడికి తెచ్చేది. పిల్ల ఎదిగింది, చేపల గంప మోసి మోసి తల్లి నడుం పడిపోయింది, చదువు ఇంటికే పరిమితమైంది. ఇన్నాళ్ళకు చక్రాల కుర్చీ వచ్చి, ఎనిమిదో తరగతిలో పేరు పడింది. కొత్త యూనిఫాం, రెండు జడలు, జడలకు ఎర్ర రిబ్బన్లు! మెట్ల దగ్గర ఆగి పైకి చూసింది.

"ర్యాంపు అటుందమ్మా, అటు" అని హెడ్మాస్టరుగారు ఉత్సాహంగా చెయ్యి చూపించారు.

నేను ఎవరికోసం పుట్టానో ఆ పిల్ల నా మీదికి వస్తుంటే నా ఒళ్ళు పులకరించింది. సిగ్గు కూడా వేసింది, ఎక్కడికి తీసుకెళ్తున్నానో నాకు తెలుసు కదా. పైకి చేరి లోపలికి తొంగి చూసి, జెమీమా, "సార్, ఇది బియ్యం గది" అంది.

"ఇవాళ్టినుంచి సహిత విద్యా గది" అన్నారాయన. మధ్యాహ్నానికల్లా బోర్డు కూడా రాయించారు. సహిత విద్య అంటే అందరు పిల్లలూ కలిసి చదువుకోవడం. ఆ గదిలో జెమీమా, బస్తాలు కలిసి కూర్చున్నాయి.

చదువు మాత్రం ఆగలేదండోయ్. ఆవరణకు అవతల లెక్కల మాస్టారు తలుపు తీసి గొంతు చించుకుని పాఠం చెప్పేవారు. జెమీమా కిటికీ దగ్గర కూర్చుని వినేది. ప్రశ్న ఉంటే ఫర్హానా అనే పిల్ల మోసుకొచ్చేది, జవాబు మోసుకెళ్ళేది. దారిలో కుళాయి దగ్గర నీళ్ళు తాగి, ఆదెమ్మను కూర ఏమిటని అడిగి వెళ్ళేసరికి అక్కడ పీరియడ్ మారిపోయేది. ఒకసారి సోషల్ టీచరు మన రాష్ట్రంలో ముఖ్యమైన పంట ఏదని అడిగిన వేళకు, "పద్దెనిమిది సార్, జెమీమా చెప్పింది" అంటూ ఫర్హానా గుమ్మంలో నిలబడింది. తరగతి తరగతంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు ఆవరణ దాటి వచ్చింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక జెమీమా కిటికీ కమ్మీలు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం తల్లి వచ్చి, "ఏందే, మొహం అట్టా పెట్టావు? పాఠం ఇనపడలా?" అంది.

"ఇనపడతానే ఉందమ్మా. పక్కన ఎవురూ లేరు" అని ఏడ్చేసింది పిల్ల.

"ఏడవబాక నా తల్లీ" అంటూ దానమ్మ కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచి, తన మొహమూ తుడుచుకుంది.

ఇంతలో సహిత విద్య ఎలా నడుస్తోందో చూడటానికి పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. హెడ్మాస్టరుగారికి తల ప్రాణం తోకకొచ్చింది. నలుగురు బుద్ధిమంతులను ఆ పూటకు అరువు తెచ్చి జెమీమా పక్కన కూర్చోబెడదామని ఆలోచన చేశారు.

"నలుగురుంటే ఎట్టా సార్?" అంది జెమీమా. "తక్కినోళ్ళు ఏరంటే ఏం చెప్తారు? తరగతి మొత్తాన్నీ పిలవండి."

"మరి బియ్యం?"

"ఆ తరగతి గదిలో పెట్టండి సార్. బియ్యాన్ని ఎవురూ ప్రశ్నలడగరు గదా."

ఆయన ఇందులో తప్పేమీ కనిపించక ఒప్పుకున్నారు. పిల్లలు బల్లలు నా మీదుగా ఇటు తోశారు, బస్తాలు ముత్తాతగారి మీదుగా అటు చేరాయి. ఫర్హానా ఎవరికీ ఛాన్సు ఇవ్వకుండా జెమీమా పక్కన బల్ల ఆక్రమించింది.

అధికారి ఒక మేడమ్. గదినిండా పిల్లలు, మధ్యలో చక్రాల కుర్చీ చూసి మురిసిపోయింది. "ఎప్పటినుంచి ఇలా?" అని అడిగింది.

"మొదటినుంచీ ఇంతే మేడమ్" అన్నారు హెడ్మాస్టరుగారు, రెప్పైనా వెయ్యకుండా.

"చాలా సంతోషం. మిగతా బడులవాళ్ళను కూడా పంపిస్తాను, చూసి నేర్చుకుంటారు" అని ఆవిడ వెళ్ళిపోయింది. ఇక చేసేదేముంది? ఏ రోజు ఎవరు దిగుతారో తెలియదు. బల్లలు వెనక్కి పంపే ధైర్యం ఆయనకు లేకపోయింది.

మండిపడింది ఆదెమ్మ ఒక్కతే. దాతగారు దండలతో వచ్చిన రోజున ఎదురుగా నిలబడి కడిగేసింది. "బాబుగారూ, మీ తాతల్ని గోడకెక్కించుకోండి. ఈ మెట్ల మీద బస్తాలు మొయ్యటం నావల్ల కాదు. నేను పడితే బడికి కూడు ఎవురు వండుతారు?" అంది. భోజనం మాట రాగానే అందరూ కదిలారు. పలకలు ఊడదీసి గోడకు పెట్టారు, మెట్ల మీద కొత్త ర్యాంపు పోశారు. నాకంటే నునుపుగా కూడా ఉంది. పిల్ల కోసం కదలని పెద్దలు బియ్యం కోసం వారంలో కదిలారు. అప్పటికి బల్లలన్నీ నా వైపే సర్దుకున్నాయి, తరగతిని మళ్ళీ అటు మార్చే ఓపిక ఎవరికీ లేదు.

నిన్నటి సంగతి చెప్తాను. లెక్కల మాస్టారు బోర్డు మీద ఏదో గీస్తున్నారు. లోపల ఒకటే గుసగుస.

"ఎవర్రా అది? జెమీమా! ఫర్హానా! నోళ్ళు మూతపడవా మీకు? లేవండి... ఇద్దరూ బయటికి నడవండి!"

లేవండి, నడవండి అన్నది ఎవరినో తట్టి మాస్టారు నాలిక్కరుచుకున్నారు. "సర్లే, నువ్వుండమ్మా" అన్నారు మెల్లగా.

"మాట్లాడింది నేనే సార్" అంది జెమీమా. "నేనూ పోతా."

చక్రాలు తిప్పుకుంటూ వచ్చి నా మీద సగం దాకా దిగి, బ్రేకు వేసింది. పక్కనే కడ్డీకి ఆనుకుని ఫర్హానా చతికిలబడింది. తిట్లు తిన్న పిల్ల మొహం అంత వెలిగిపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"నీవల్లేనే" అంది ఫర్హానా.

"నీవల్లే" అంది జెమీమా. ఇద్దరూ నోళ్ళు చేతుల్తో నొక్కుకుని నవ్వి నవ్వి, లోపల ఆగిపోయిన కబురు అక్కడినుంచే అందుకున్నారు.