డ్రాగన్‌కు బొట్టు పెట్టిన రోజు

కార్ఖానాల పేట ఉర్లాలో ఇనప మిల్లు సైరను మోగగానే కోటమ్మ చీపురు పట్టుకుని వచ్చేది. షెడ్డు ఊడ్చి, డ్రాగన్ ముందు తట్టెడు బొగ్గు పోసేది. అది తిని, కొలిమిలోకి మూతి పెట్టి మంట ఊదేది. లారీలు, కాటా, డ్రాగన్... మిల్లన్నాక అన్నీ ఉంటాయి కదా!

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది నాటికి అది ముసలిదైపోయింది. ఊదితే పొగే తప్ప మంట లేదు. నూనెతో మండే కొత్త కొలిమి వస్తోంది. మిల్లుకు కూలీలను కాంట్రాక్టు మీద పెట్టే ఠేకేదారు వెంకటరత్నం ఏలియాను పిలిపించాడు.

"దాన్ని చంపెయ్. పక్కా నౌకరీ ఇప్పిస్తా."

ఏలియా వెల్డరు. పని పోయి ఏడాదైంది. భార్య సుశీల ఒంటిపూట తింటూ, తిన్నానని అబద్ధమాడుతోంది. ఈ నౌకరీ కూడా రాకపోతే ఆమెకు ముఖం చూపించకుండా ఏదో ఒక రైలెక్కి పోదామనుకున్నాడు. తుక్కు రేకులు అతికించి ఇనప చొక్కా చేసుకున్నాడు. వెల్డింగు ముసుగు, చేతిలో బల్లెం. అచ్చం పిల్లల బొమ్మల పుస్తకంలో వీరుడే! నడుస్తుంటే గలగలమని ఒకటే మోత. చూసినవాళ్లు నవ్వారు గానీ, ముసుగు లోపల ఏడుస్తున్నాడు పాపం.

ఖర్మ కాకపోతే, సరిగ్గా విశ్వకర్మ పూజనాడే వెళ్లాడు. ఆ రోజు ఉర్లాలో ఎవరూ పనిముట్టు ఎత్తరు. పని లేనివాడికి ఏ రోజైతేనేం, గుర్తే లేదు. కోటమ్మ అప్పటికే మెషిన్లన్నిటికీ, డ్రాగన్‌కూ బొట్టు పెట్టేసింది.

"పిన్నీ, పక్కకు జరుగు."

"బొట్టు పెట్టాన్రా! ఇవాళ దాన్ని ముట్టుకోకూడదు."

"చర్చికెళ్లేవాళ్లం, మాకా పట్టింపు లేదు."

బల్లెం ఎత్తాడు. డ్రాగన్ కదల్లేదు. కళ్లు మూసుకుని, కొట్టు అన్నట్టు మెడ వంచింది. దానికీ బతుకు మీద విసుగొచ్చేసింది. ఏలియాకు చెయ్యి ఆడలేదు.

కోటమ్మ వచ్చి అతని ఇనప చొక్కాకూ బొట్టు పెట్టింది. "నువ్వూ ఇనుమే కదా నాయనా. ఇవాళ నీకూ సెలవే."

ఏడాదిగా పని లేనివాడికి సెలవు! అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

వెంకటరత్నం ఊరుకుంటాడా? సాయంత్రానికి ఏలియానూ, డ్రాగన్‌నూ గేటు బయటికి గెంటించాడు. వాన పడుతోంది. ఏలియా స్టేషను దారి పట్టాడు. డ్రాగన్ వెంటబడింది. "పో" అన్నాడు. పోలేదు. తిట్టాడు, బతిమాలాడు. అబ్బే! దీన్ని ఏ రైలెక్కిస్తాడు? వానలో వదిలి పోవడానికీ మనసొప్పలేదు. చేసేది లేక మోవాలోని ఇంటి వైపు మళ్లాడు.

సుశీల తలుపు తీసింది.

"నౌకరీ ఏమైందండీ?"

"రాలేదు."

"మరి ఇదెందుకొచ్చింది?"

"దీనికీ పని పోయింది."

ఆమె కళ్లు తుడుచుకుని పక్కకు జరిగింది.

"తడుస్తున్నారు. ఇద్దరూ లోపలికి రండి."