ముఖం లేని ముక్కు

నేను ఒక ముక్కుని. నవ్వకండి. ముక్కూ మొహం తెలియని వాళ్ళు అంటూంటారు కదా, నా విషయంలో ముక్కు వరకూ బాగానే తెలుసు, మొహమే లేదు. చూడటానికి బొటనవేలంత రబ్బరు పలకని, అవతలి మనిషి కనిపించేంత తేటగా ఉంటాను. నా లోపల సన్నని కాలువలు రెండున్నాయి, ఒకదాని మీద ఒకటి. పై కాలువలో గాలి, కింది కాలువలో రక్తానికి బదులు ఎర్రటి పోషకద్రవం. మధ్యలో ఒక పల్చటి పొర, ఆ పొర మీద మనిషి ముక్కులోంచి తీసిన కణాలు. నన్ను చిప్పు అంటారు. ప్రస్తుతం పసుపుపచ్చ సంచిలో, వాడి పారేసిన గొట్టాల కింద పడి ఉన్నాను. చెత్త కాల్చే కొలిమికి తీసుకెళ్ళే బండి వచ్చేలోగా నా సంగతి చెప్పేస్తాను.

నన్ను పోత పోసింది విశాఖపట్నం శివార్లలోని ఒక ప్రయోగశాలలో. ముక్కులో కొట్టుకునే మందు ఒంట్లోకి ఎంత దిగుతుందో చూడటానికి చేశారు. అంతకుముందు ఈ చాకిరీ కుందేళ్ళూ ఎలుకలూ చేసేవట. ఎలుక ముక్కు వేరు, మనిషి ముక్కు వేరు అని మహానుభావులకి ఇన్నాళ్ళకి తట్టింది. మందుని పై కాలువలో చల్లుతారు, కింది కాలువలోకి ఎంత చేరిందో కొలుస్తారు. అంతే నా ఉద్యోగం.

కణాలు ఎవరివో బయటపెట్టకూడదని నియమం. సీసా మీద అంకె తప్ప పేరుండదు. కానీ ముక్కులో బ్రష్ తిప్పించుకోవడానికి దారిన పోయేవాళ్ళు ఎవరొస్తారు? అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు సొంతవాళ్ళనే బతిమాలి తెచ్చేవారు. బావమరుదులు, మేనత్తలు, పక్కింటి మాస్టారు, అందరూ వచ్చి తుమ్మి, క్యాంటీన్లో పెసరట్టు తిని పోయేవారు. ఆ వరసలోనే అరుంధతి తన తండ్రి సోమయాజులు గారిని తీసుకొచ్చింది. అరుంధతి అంటే నన్ను పెంచిన మనిషి. ఆ ప్రయోగశాలలో కణాలు పెంచడం ఆమె పని.

సోమయాజులు గారు పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ వంట చేసేవారు. నైవేద్యం కాకుండా ఎంగిలి చేయకూడదు కనుక గరిటె నాలుకకి తగలనిచ్చేవారు కాదు. గుండిగ మూత తీసి ఆవిరి పీల్చి, ఉప్పు చాల్లేదనో చింతపండు ఎక్కువైందనో చెప్పేవారట. అలాంటి ముక్కులో కూతురు బ్రష్ తిప్పితే ఆయన కళ్ళు తుడుచుకుని, "ఏమే అమ్మడూ, దీన్ని ఏ పులుసులో వేస్తావు?" అన్నారట. ఇదంతా నేను చూసింది కాదు, అరుంధతి చెబితే విన్నది.

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఎవరిదో గృహప్రవేశంలో పొయ్యి ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. దహనం చేశారు, అస్థికలు గోదావరిలో కలిపారు. ఆయనది ఈ లోకంలో ఏమీ మిగల్లేదని అందరూ అనుకున్నారు. కణాలని గడ్డకట్టించి దాచే, మంచు పొగలు కక్కే డబ్బాలో ఉన్న ఆయన సీసా సంగతి కూతురికి తప్ప ఎవరికీ గుర్తులేదు. కొంతకాలానికి ఆమె దాన్ని కరిగించి నాలో పోసింది. ఆ కణాలున్న సీసా అదొక్కటే.

మొదట్లో నాకేమీ తెలియలేదు. గాలి వస్తోంది, పోతోంది. ఒక రోజు పొర మీద ఏదో కదిలింది. కణాలకి నూగు మొలిచింది. ముక్కులో పడ్డ దుమ్మునీ చీమిడినీ గొంతు వైపు ఊడ్చే నూగు అది. నాకు గొంతు లేదు. పై కాలువ చివర గోడ ఉంది, అంతే. అయినా ఆ నూగు అంతా ఒకే వైపు వంగుతూ లేస్తూ, లేని గొంతు వైపు పగలూ రాత్రీ ఊడుస్తూనే ఉంది. ఆ మనిషి పోయాడని దానికి ఎవరూ చెప్పలేదు. నాకు గుబులు పట్టుకుంది. నా లోపల ఇంకెవరో మసులుతున్నట్టు ఉండేది.

అరుంధతి సూక్ష్మదర్శినిలో నన్ను చూస్తూ మాట్లాడేది. "నాన్నా, ఇవాళ చారులో ఇంగువ మాడిపోయింది" అనేది. వాసన పట్టే కణాలు ముక్కులో ఎక్కడో పైన ఉంటాయి, బ్రష్ అక్కడిదాకా పోదు. నాలో ఉన్నది ఊడ్చే పనివాళ్ళు మాత్రమే. ఈ సంగతి నాకు నేర్పిందే ఆమె. అయినా చెప్పడం మానలేదు. చదువుకున్నవాళ్ళు ఇలాగే ఉంటారు.

నా మీద పరీక్షించాల్సిన మందు పిల్లలకి వచ్చే ఫిట్స్‌ది. ఆసుపత్రికి చేరేలోగా తల్లి చేతిలో ఉండాల్సిన మందు. ఎంత కొట్టాలో తేలాలంటే ఎంత దిగుతుందో తెలియాలి. మిగతా చిప్పులన్నీ బూజు పట్టి పోవడంతో లెక్కంతా నా నెత్తిన పడింది. పరీక్షకి ముందురోజు సోమయాజులు గారి సంవత్సరీకం వచ్చింది. కర్మ చేసేది కొడుకు, అది బెంగళూరులో. కూతురికి అందులో చేసే పనేమీ లేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక అరుంధతి పొగని బయటికి లాగేసే అలమరలో నిప్పు రాజేసి సాంబ్రాణి వేసింది. నాకు గాలి అందించే గొట్టం తెచ్చి ఆ పొగ మీద పెట్టింది.

పొగ లోపలికి వచ్చింది. నూగు ఒక్కసారిగా నిలిచిపోయింది. తర్వాత ఒక మూల మెల్లగా కదలడం మొదలైంది, అయితే ఎదురు దిశలో. గోడ వైపు కాదు, పొగ వచ్చే వైపు, గొట్టం పట్టుకుని ఆమె నిలబడ్డ వైపు. పొగ సోకితే కణాలు దారి తప్పుతాయని మీరంటారు. అయ్యుండొచ్చు. సూక్ష్మదర్శిని అద్దంలో అది చూసిన అరుంధతి మాత్రం నిప్పు ఆరేదాకా గొట్టం పక్కకి తీయలేదు.

మర్నాడు నా మీద మందు చల్లారు. అది జల్లెడలోంచి నీళ్ళు కారినట్టు కిందికి దిగిపోయింది. పెద్ద శాస్త్రవేత్త మస్తాన్ వలీ గారి ఆనందం చెప్పనలవి కాదు.

"ఇంత బాగా దిగుతుందని అనుకోలేదమ్మా. అనుకున్న దాంట్లో సగం చాలు పిల్లలకి. రేపే పంపేద్దాం."

అరుంధతికి తెలుసు. పొగకి కణాల మధ్య అతుకులు విడిపోయాయి, మందు దిగింది అందుకే. మామూలు ముక్కుల్లో అంత దిగదు. సగం మందు కొడితే బిడ్డ కొట్టుకుంటూనే ఉంటుంది, తల్లి ఖాళీ సీసా పట్టుకుని చూస్తూ ఉంటుంది. కానీ చెబితే నేను చెడిపోయిన చిప్పుని. చెడిపోయిన చిప్పుని ఉంచకూడదని నియమం. ఆ తండ్రికి మిగిలిన చోటు నేనే. నిజం చెప్పాలంటే, ఆమె నోరు మూసుకుంటే బాగుండునని నేను కోరుకున్నాను. ఏం, బతకాలని నాకు మాత్రం ఉండదా?

ఆ సాయంత్రం ఆమె ఆయన గదిలోకి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్న మస్తాన్ వలీ గారే నా దగ్గరికి వచ్చారు, కాగితాల మీద ఆమె సంతకం కోసం.

"సార్, ఆ ఫలితం పంపకండి" అంది.

"ఎందుకమ్మా?"

"మొన్న దీనికి సాంబ్రాణి పట్టాను."

"సాంబ్రాణా? దేనికి?"

"మా నాన్నకి సార్."

ఆయన నన్ను చూశారు, ఆమెని చూశారు, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మళ్ళీ కొత్త ముక్కులతో మొదలెడదాం, ఆర్నెల్లు పోతే పోయింది. చేసింది మాత్రం తప్పేనమ్మా. దీన్ని నేను తీయించెయ్యనా?"

"వద్దు సార్. నేనే తీస్తాను."

ఆయన వెళ్ళాక నన్ను చివరిసారి అద్దం కింద పెట్టింది. అప్పుడే ఆమెకి ఏడుపు ఆగలేదు. ఎందుకంటే ముక్కు తేరుకుంది. నూగు అంతా మళ్ళీ ఒకే వైపు, ఏమీ జరగనట్టు, హాయిగా ఊడ్చుకుంటోంది. చచ్చినదాన్ని పారేయడం వేరు, ఇది వేరు. ఆమె కళ్ళు తుడుచుకుని గొట్టానికి కణాలని చంపే బ్లీచింగ్ ద్రావణం తగిలించింది. అది గొట్టంలో మెల్లగా నా వైపు జరగడం మొదలెట్టింది.

మన ఇళ్ళల్లో గడప దాటే మనిషిని వెళ్ళు అని ఎవరూ అనరు. వెళ్ళిరా అంటారు. పక్క వీధికి పోతున్నా సరే. అరుంధతి అద్దం మీదికి వంగి, ఎవరికో చెవిలో చెప్పినట్టు, "ఇక వెళ్ళు నాన్నా" అంది.

నాలోని నూగు మొత్తం ఆగిపోయింది. ద్రావణం అప్పటికింకా గొట్టం సగంలోనే ఉంది.