ఫర్హా బట్టల కాగితం

యలమంచిలిలో మా చెల్లెలు నర్గీస్‌ని చూసి, రైలు దిగి ఇంటికొచ్చేసరికి మంచం కింద ట్రంకు పెట్టె ఖాళీగా ఉంది. అందులో తలగడ గలీబులో మూటగట్టి దాచిన మా ఫర్హా బట్టలు లేవు. పోయిన వానాకాలం డెంగీ జ్వరంతో ఆసుపత్రికి వెళ్లేముందు పిల్ల విప్పిన గులాబిరంగు కుర్తా, తెల్ల చున్నీలు, నూలు నైటీ. పిల్ల తిరిగి రాలేదు. ఆ బట్టలు నేను ఉతకలేదు, ఎవర్నీ ఉతకనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం మూట విప్పి, మొహం పెట్టుకుని వాసన చూసి, కాసేపు ఏడ్చి, మళ్లీ ముడేసి పెట్టేసేదాన్ని. నాకింక మిగిలిన పని అదొక్కటే.

పాతబట్టల మూట ఎత్తుకెళ్లే దొంగ ఎక్కడుంటాడు? ఒకడున్నాడు. మా ఇంట్లోనే, నా మొగుడు పీర్ మహమ్మద్. వన్‌టౌన్ సందులో గుడ్డలు ఉడకబెట్టి చేత్తో కాగితం చెయ్యడం వాళ్ల తాతలనాటి పని. నూలుగుడ్డ కనబడితే ఆ మనిషి చేతులు ఊరుకోవు.

పెరట్లోకి పరిగెత్తాను. గుడ్డని గుజ్జు చేసే మోటారు ఆగి ఉంది. తొట్టినిండా నీళ్లలో లేత గులాబిరంగు గుజ్జు తేలుతోంది. పక్కన పీటమీద కుర్తా బొత్తాలు. పొరపాటున చేశాడనుకుందామంటే అదీ లేదు, కూర్చుని ఒక్కో బొత్తాం కత్తిరించి మరీ చేశాడు.

కోపమొస్తే నాకు ఉర్దూ రాదు. యలమంచిలి దాన్ని, తెలుగే తన్నుకొస్తుంది.

"ఏటి సేసినావ్? నీ సేతులిరిగిపోనూ! పిల్ల బట్టలు ఉడకబెట్టీసినావా?"

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన్ని నువ్వు అన్న పాపాన పోలేదు. పిల్ల పుట్టాక "ఫర్హా అబ్బా" అనే పిలిచాను. ఇవాళ అది నోట రాలేదు.

ఆయన తలెత్తలేదు. "బూజట్టీసినాయి జమాలూ. ఈ సముద్రం గాలికి గుడ్డ ఆగదు. సంకల కాడ సిల్లులు పడిపోనాయి. ఇంకో వానాకాలమొస్తే పొడైపోతాది. కాయితమైతే వందేళ్లుంటాది."

"నాకు కాయితమెందుకు? నాకు దాని వాసన కావాల!"

"వాసన ఎప్పుడో పోనాది. నానూ సూసినాను కదా. నువ్వు బూజు వాసనకి ఏడుస్తన్నావ్."

చేతికందిన చెంబు విసిరాను. తగల్లేదు, గోడకి కొట్టుకుని దొర్లిపోయింది. తగిలుంటే బాగుణ్ణనిపించింది.

"నానూరెళ్లేదాకా ఆగినావు కదా! నా కళ్ల ముందట సేసే దమ్ము నేకపోయిందా?"

"నువ్వుంటే సెయ్యనిచ్చేదానివి కాదు" అన్నాడు. నిజమే, ఇచ్చేదాన్ని కాదు.

లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాను. అన్నం వండలేదు, తినలేదు. మర్నాడు పొద్దున్న గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టడానికి భయపడ్డాడు.

"జమాలూ, ఎండలు మండిపోతన్నాయి. గుజ్జు నిలవుండదు, పులిసిపోతాది. నువ్వు రాపోతే కాలవలో పారబొయ్యాల."

ఈ పని ఒక్క మనిషితో కాదు. ఆయన జల్లెడ చట్రాన్ని తొట్టిలో ముంచి, పైకి తీసి, గుజ్జు పలచగా పరుచుకునేదాకా ఊపుతాడు. ఆ తడిపొరను చిరక్కుండా గుడ్డమీదికి దింపే చెయ్యి ఇంకొకటి ఉండాలి. మా ఇంట్లో అది నా చెయ్యే.

"పోనీ, ఎదురింటి తవిటయ్యని పిలుద్దునా?" అన్నాడు.

"నా పిల్లని తవిటయ్య ముట్టుకుంటాడా!" అని లేచాను.

అలా లేచాను. ఎవడు నా పిల్ల బట్టల్ని ముక్కలు చేశాడో వాడి ఎదురుగానే కొంగు దోపుకుని నిలబడ్డాను. ఇంకేం చెయ్యను? గుజ్జుని మళ్లీ కుర్తా చెయ్యడం ఎవడివల్లా కాదు. పారబోస్తే మురిక్కాలవలో కలుస్తుంది. ఆయన ముంచాడు, నేను దింపాను. ఒక పొర నా చేతుల్లో చిరిగితే ఏడుపాగలేదు. ఆయన దాన్ని మెల్లిగా తీసి మళ్లీ తొట్టిలో కలిపాడు. తొట్టి అడుగున చెయ్యిపెట్టి దేవి, ఒక్క పోగు కూడా మిగలకుండా తీశాం.

రాయి బరువు కింద నీళ్లు పిండి, కాగితాల్ని పెరటి గోడకి అంటించాం. ఆయన మసీదుకెళ్లాడనుకుని, ఆరుతున్న కాగితంలో మొహం పెట్టి గట్టిగా గాలి పీల్చాను. తడి, గుడ్డ ఉడకబెట్టిన సోడా, గోడ సున్నం. అంతే.

"ఏటైనా తెలస్తందా?" వెనక నుంచి అడిగాడు.

ఎక్కడికీ వెళ్లలేదు ఆ మనిషి. నేను తలూపాను, లేదని. నమ్మలేదు. వాసన ఎప్పుడో పోయిందని నాతో వాదించినవాడు, గోడవెంట నడుస్తూ ఒక్కో కాగితం దగ్గరా వంగి ముక్కు పెట్టి చూశాడు. చివరిదాకా చూసి, అక్కడే గోడకి తల ఆనించాడు. అప్పుడు కూడా నా కోపం పోలేదు. పోతే కాస్త తేలికపడేదాన్నేమో.

సాయంత్రం సత్యశ్రీ వచ్చింది. ద్వారకానగర్‌లో పిల్లలకి బొమ్మలు నేర్పే అమ్మాయి, మా దగ్గరే కాగితం కొంటుంది. గోడ చూసి ఆగిపోయింది.

"అబ్బ, ఎంత బాగుంది ఆంటీ ఈ రంగు! ఏం కలిపారు? మొత్తం నాకే ఇచ్చెయ్యండి."

"అమ్మకానికి కావమ్మా" అన్నాం, ఇద్దరం ఒకేసారి.

"మరి ఏం చేసుకుంటారు?"

ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. ఇన్నేళ్లూ కాగితమే తిండి పెట్టింది మాకు, కాగితంతో ఏం చేసుకుంటారో చెప్పలేకపోయాం. ఆ అమ్మాయి ఏమనుకుందో, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

"వందేళ్లుంటాదన్నావు. మనం పోనాక దీనిమీద ఎవుడేటి రాస్తాడో?" అన్నాను.

"అంతవరకూ ఆలోసించనేదు జమాలూ" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

పూర్తిగా ఆరిన కాగితం గోడని వదిలేస్తుంది. చూస్తుండగానే ఒకటి ఊడింది, దాని వెనకే ఇంకొకటి. కింద పడనిస్తామా? ఇద్దరం పరిగెత్తి పట్టుకున్నాం. అన్నీ పట్టుకున్నాక, ఎక్కడ పెట్టాలో తెలీక, చేతుల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాం.