కృపమ్మ ఇంటి మీది పిచ్చుకలు

గౌడవెల్లిలో కృపమ్మ పొద్దున లేస్తూనే చేసే మొదటి పని, చేటలో నూకలు పోసుకుని డాబా ఎక్కడం. అక్కడ పిచ్చుకలు కాచుకుని ఉంటాయి. పిట్టగోడ మీద, నీళ్ల ట్యాంకు మీద, బట్టల్లేని దండెం మీద, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

ఆ ఊరి చర్చివాళ్లు ఎవరి కోసం ప్రార్థన చేస్తే వాళ్ల ఇంటి మీదికి ఆ ప్రార్థన పిచ్చుకై వచ్చి వాలుతుంది. అడిగింది జరగ్గానే ఎగిరిపోతుంది. ఎప్పటినుంచో అంతే. పక్కింటి భిక్షం మైసమ్మకు మొక్కే మనిషి. అయినా మోకాలి నొప్పని కుంటుతుంటే చూడలేక కృపమ్మ ఒకసారి ఆయన పేరూ కలిపింది. పిచ్చుకొచ్చి ఆయన రేకుల మీద కూర్చుంది. నొప్పి తగ్గిన రోజు భిక్షం దానికి గుప్పెడు జొన్నలు పెట్టి మరీ సాగనంపాడు.

కృపమ్మ ఇంటి మీదివి మాత్రం కదలవు. కొడుకు గిడియోన్ పెళ్లయి రెండు నెలలు తిరిగాయో లేదో, ఆమె శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి "మా కోడలు షైని ఒడి నింపు ప్రభువా" అని మొదలుపెట్టింది. ఆడవాళ్లంతా ఆమెన్ అన్నారు. వారానికో పిచ్చుక చొప్పున ఐదేళ్లు! రెట్టల దెబ్బకు డాబా మీద బట్టలారేయడం మానేసి, ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టుకుంటున్నారు.

పాపం ఆ పిచ్చుకలకేం తెలుసు, కింద షైని మొదటి నాలుగేళ్లూ రోజూ మాత్ర మింగిందని. దుండిగల్‌లో ఒక కాలేజీ ల్యాబులో ఆమెది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటయ్యాకే పిల్లలని మొగుడూపెళ్లాలు అనుకున్నారు. పెద్దావిడకు చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. మాత్రల అట్ట కుట్టుమిషను సొరుగులో, దారపుండల కింద ఉండేది. గిడియోన్ మేడ్చల్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అక్కడ గొంతెత్తితే షెడ్డంతా వినిపిస్తుంది, తల్లి ముందు మాత్రం పిల్లి. "రేపు జెప్త" అంటూ నాలుగేళ్లు నెట్టుకొచ్చాడు.

కిందటేడు ఉద్యోగం పర్మనెంటయింది. షైని మాత్రలు ఆపేసింది. ఇక రేపో మాపో పిచ్చుకలన్నీ బుర్రుమంటాయని ఎదురుచూసింది. ఒక్కటీ లేవలేదు. ప్రతి నెలా ఆమె బాత్రూంలోంచి వచ్చే తీరు చూసి గిడియోన్ ఏమీ అడగకుండా టీ పెట్టేవాడు. సుచిత్ర చౌరస్తాలోని ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేయించింది.

"అన్నీ మంచిగనే ఉన్నయమ్మా. మాత్రలతోని గర్భసంచికి ఏం గాదు. కొందరికి జర టైం పడుతది. పరేషాన్ గాకు."

షైని తలూపి వచ్చింది గానీ మనసు ఊరుకోదు కదా. నెత్తి మీద రెక్కల చప్పుడు వినబడినప్పుడల్లా, వాటిని నాలుగేళ్లు అబద్ధం మీద కూర్చోబెట్టాను, అవి నా మీద అలిగాయి, ఇక నాకు పిల్లలు పుట్టరు అని తనలో తానే కుమిలిపోయేది.

కోడలి ముఖం వాడిపోవడం చూసి కృపమ్మ బుధవారాలు కూడా ఉపవాసం పట్టింది. అసలే షుగరు మనిషి. ఒక బుధవారం చేటతో సహా డాబా మీద కూలబడింది. పిచ్చుకలన్నీ ఒక్కసారిగా గోలపెట్టేసరికి షైని పరుగున వెళ్లి, అత్త తల ఒళ్లో పెట్టుకుని కొంచెం కొంచెంగా చక్కెర నీళ్లు తాగించింది.

"ఎందుకత్తమ్మా గిట్ల ఉపాసాలుంటవ్? పానం మీదికి తెచ్చుకుంటవా?"

"నీ కోసం గాకుంటే ఇంకెవరి కోసముంటనే బిడ్డా."

ఆ మాటతో షైనికి ఏడుపు ఆగలేదు. మాత్రలూ, సొరుగూ, నాలుగేళ్లూ అన్నీ అక్కడే చెప్పేసింది.

కృపమ్మ లేచి కూర్చుంది.

"నాతోని ఒక్క మాట జెప్తే నౌకరి రావాలని ప్రార్థన జేస్తుంటి గదనే. ఎప్పుడో పర్మనెంటయ్యేటిది."

అంతే. చీర దులుపుకుని కిందికి దిగింది. డ్యూటీ నుంచి వచ్చిన గిడియోన్ సంగతి తెలిసి గుమ్మంలోనే నిలబడిపోతే, "లోపటికి రా, కొడ్తనా ఏంది" అని మాత్రం అంది. పొద్దుగూకే వేళ షైని చెయ్యి పట్టుకుని మళ్లీ డాబా ఎక్కింది.

"ఓ పిట్టలూ," అంది గొంతు పెంచి, "మీ తప్పు గాదు, నా కోడలి తప్పు గాదు. ఆమె అడగకముందే నేను ఆత్రపడ్డ. మస్తు రోజులు కాసుకున్నరు. ఇగ పోండ్రి."

పిచ్చుకలన్నీ ఒకేసారి లేచి మేడ్చల్ వైపు వెళ్లిపోయాయి. బోసిపోయిన దండెం ఊగుతుంటే షైనికి భయం వేసింది. కృపమ్మ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"ఇప్పుడు జెప్పు. నీకేం గావాలె? నువ్వు ఏదంటే అదే అడుగుత. ఏమొద్దన్నా సరే."

షైనిని ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"పిల్ల గావాలత్తమ్మా," అంది. "మస్తు భయమైతాంది."

కృపమ్మ చేసింది చిన్న ప్రార్థనే. ఆమెన్ ఇద్దరూ కలిసి అన్నారు.

మర్నాడు ఒక్కటే పిచ్చుక వచ్చింది. డాబా మీద వాలలేదు. ముక్కున గడ్డిపోచతో కిటికీలోంచి దూరి, కుట్టుమిషను దగ్గరికి వెళ్లి, సగం తెరిచి ఉన్న సొరుగులో దిగింది. దారపుండల నడుమ గూడు కట్టుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ మిషను తొక్కలేదు. కృపమ్మ వేళకు తింటూ, నూకలు చేటెడు కాక చెంచాడు చాలుతున్నందుకు నవ్వుకుంది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, చర్చికి తయారవుతూ షైని బాత్రూంలోంచి బయటికొచ్చింది. అలవాటు కొద్దీ గిడియోన్ టీ పెట్టబోయాడు. ఆమె చేతిలోని పరీక్ష పట్టీ మీద రెండు గీతలు చూసి గిన్నె అక్కడే వదిలేశాడు. ఇద్దరూ కృపమ్మకు చెప్పాలని ఇల్లంతా వెతికి, చివరికి డాబా ఎక్కారు.

కృపమ్మ దండెం మీద ఏవో ఆరేస్తోంది. తన పాత నూలుచీరను చింపి, అంచులు చేత్తో కుట్టి, ఉతికిన చిన్న చిన్న గుడ్డలు.

"నీకెట్ల తెల్సత్తమ్మా?" అంది షైని.

"పొద్దుగాలనే పిట్ట ఎగిరిపోయింది బిడ్డా," అంది కృపమ్మ, చివరి గుడ్డ దులుపుతూ. "మిషను సొరుగుల గూడు మాత్రం తియ్యబుద్ధి గాలే. గందుకే చేతితోని కుట్టిన."